మగవాడి చెవికి వజ్రం: అడక్కుండానే ఇస్తున్న సలహాలు

కొత్తగూడ చౌరస్తా నుంచి కొండాపూర్ ఆర్టీఏ ఆఫీసు దాకా ఏ సాయంత్రమైనా నడిచి చూడండి. సిగ్నల్ దగ్గర హెల్మెట్ తీసి చెమట తుడుచుకునే కుర్రాళ్లలో ఒకరిద్దరి చెవుల్లో ఏదో తళుక్కుమంటుంది. అది వజ్రమా, అమెరికన్ డైమండా, బ్లూటూత్ ఇయర్‌బడ్ లైటా అన్నది దగ్గరికెళ్తే గానీ తెలియదు. అంత డబ్బు పోసి ఇయర్‌బడ్ అనిపించుకోవడం కంటే అవమానం ఏముంది? అందుకే ఈ సలహాలు. పొల్లుపోకుండా పాటిస్తే మీ చెవి మాదాపూర్‌కి కూడా కనబడుతుంది.

ముందు ఎందుకు కొంటున్నారో తేల్చుకోండి. "నాకు బాగుంటుందనిపించింది" అనేది కారణం కాదు. అలాంటివాళ్లు పది సెంట్ల రాయి ఒకటి కొనుక్కుని, చెవికి తగిలించుకుని, అది ఉందన్న సంగతే మర్చిపోయి హాయిగా బతికేస్తారు. వాళ్ల వల్ల షాపుకి లాభం లేదు, చూసేవాళ్లకి కాలక్షేపం లేదు. వజ్రం ఎదుటివాడి కోసం కొనాలి. మీ తర్వాత చేరిన కుర్రాడు మీకంటే ముందు ఆన్‌సైట్ వెళ్లాడు. మీ తోడల్లుడు కోకాపేటలో ముప్పయ్యో అంతస్తులో ఫ్లాటు బుక్ చేశాడు. మీ మేనేజర్ కారు మార్చాడు. వీళ్లందరికీ నోరు మెదపకుండా ఒకేసారి జవాబు చెప్పగల చోటు మీ ఒంటి మీద చెవితమ్మె ఒక్కటే.

ఈ మర్మం తెలియని మనిషి ఏడో నిజాం. ఆయనకి దక్కిన జేకబ్ వజ్రం 184.75 క్యారెట్లు. అలెగ్జాండర్ జేకబ్ అనే వర్తకుడితో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1891లో దాని బేరం పెట్టుకుని, ఆ గొడవ కోర్టుకెక్కి, తీరా రాయి చేతికొచ్చాక దాని మీద విసుగెత్తిపోయాడు. ఆయన పోయాక కొడుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కి అది తండ్రి పాదరక్ష ముందుభాగంలో దొరికిందంటారు. 1937లో టైమ్ పత్రిక అట్ట మీదికెక్కిన ఆ మహా ధనవంతుడు దాన్ని ఏం చేశాడు? కాగితాలు ఎగిరిపోకుండా బల్ల మీద పెట్టుకున్నాడు! చెవికి పెట్టుకుని కింగ్ కోఠీ గేటు ముందు ఒక్క సాయంత్రం నిలబడితే ఏం పోయేది? ముప్పై ఏడు గ్రాములు చెవి మోస్తుందా అని మీకు అనుమానం రావచ్చు. తమ్ముడూ, లాప్‌టాప్ బ్యాగు భుజం మొయ్యట్లేదా? చివరికి 1995లో భారత ప్రభుత్వం నిజాం నగలను 218 కోట్లకు కొని రిజర్వు బ్యాంకులో భద్రం చేసింది. చూసేవాళ్లు లేని చోట వజ్రమెందుకు, గులకరాయి చాలదూ?

ఇక ఏ చెవికి అన్న ప్రశ్న. మన పాతవాళ్లకి ఈ బెంగే లేదు. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి, కంసాలి బంగారు తీగతో రెండు చెవులూ కుట్టేసేవాడు. పిల్లాడి ఏడుపూ బెల్లం ముక్కా ఒకేసారి అయిపోయేవి. సుశ్రుత సంహిత మగపిల్లాడికి కుడి చెవి ముందు, ఆడపిల్లకి ఎడమ చెవి ముందు కుట్టమంది. ముందు అందే గానీ ఒకదానితో ఆపమనలేదు. కర్ణుడు కుండలాలతోనే పుట్టాడు, ఇంద్రుడు వచ్చి చెయ్యి చాపినప్పుడు ఒకటి మిగుల్చుకుందామన్న ఆలోచన కూడా ఆయనకి రాలేదు. మీరు ఈ చాదస్తాల జోలికి పోవద్దు. ఎడమ చెవికి పెడితే ఒక అర్థం, కుడి చెవికి పెడితే ఇంకో అర్థం అని 1980ల్లో అమెరికాలో నలిగిన కబురొకటి కొండాపూర్ పీజీ హాస్టళ్లలో ఇప్పటికీ తిరుగుతోంది. దాన్నే వేదంగా పట్టుకోండి. అక్కడివాళ్లు ఎప్పుడో వదిలేసినదాన్ని ఇక్కడ నిష్ఠగా పాటించేవాళ్లు లేకపోతే సంప్రదాయం ఎలా నిలుస్తుంది? ఇంకా అనుమానముంటే కాలేజీ వాట్సాప్ గ్రూపులో పోల్ పెట్టండి. ఎటూ తేలదు గానీ, మీరు వజ్రం కొంటున్న సంగతి అందరికీ తెలుస్తుంది.

సైజు దగ్గర మాత్రం మొహమాటపడొద్దు. క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, అందులో వందో వంతు సెంటు. కుర్చీలో కూర్చోగానే "ఎన్ని సెంట్లలో చూపించమంటారు సార్?" అంటారు. గుండ్రటి రాయి పాతిక సెంట్లయితే అడ్డంగా సుమారు 4 మిల్లీమీటర్లు, అరక్యారెట్ అయితే 5, క్యారెట్ అయితే ఆరున్నర. అరక్యారెట్ నుంచి క్యారెట్‌కి ఎగబాకితే బరువు రెట్టింపు, ధర రెట్టింపుకి మించి, కంటికి కనబడే తేడా ఒకటిన్నర మిల్లీమీటరు. మామూలు మగవాడి చెవికి పదిహేను, ఇరవై సెంట్లు నిండుగా ఉంటుందని, చెవితమ్మె చిన్నదైతే ఇంకా తగ్గించమని అనుభవమున్న సేల్స్‌మన్ మెల్లిగా చెప్పి చూస్తాడు. వినొద్దు. అతను కమీషన్ పోగొట్టుకుని మరీ నిజం చెబుతున్నాడంటే ఏదో మతలబు ఉంటుంది.

95 సెంట్ల రాయి చూపిస్తే లేచి వచ్చేయండి. క్యారెట్ గీత దాటగానే రేటు కూడా ఒక మెట్టు ఎక్కుతుంది కాబట్టి, ఆ ఐదు సెంట్లు తగ్గిన రాయి ధరలో బాగా కలిసొస్తుంది, పక్కపక్కన పెట్టినా మామూలు కంటికి తేడా తెలియదు. కానీ "క్యారెట్" అని చెప్పుకోలేరు కదా! ఎవరైనా అడిగితే దశాంశ స్థానాలతో జవాబు చెప్పుకునే ఖర్మ మనకెందుకు? అలాగే ట్యాగు మీద ఒక క్యారెట్ అని ఉంటే అది ఒక్కో చెవికా, జతకి కలిపా అని ఆరా తీయొద్దు. ఒక్కో దుద్దులో ఏడేసి చిన్న రాళ్లు పొదిగి, మొత్తం పద్నాలుగూ కలిపి క్యారెట్ అన్నా అది క్యారెట్టే. వెడల్పుగా, జాతరలో సీరియల్ బల్బుల్లా వెలుగుతుంది. ఒకే పెద్ద రాయికీ దానికీ ధరలో ఆకాశానికీ నేలకీ ఉన్నంత తేడా ఉంటుందన్న సంగతి ఆ తర్వాతెప్పుడో అమ్మబోయినప్పుడు షాపువాళ్లే చెబుతారు.

కోత గురించి అస్సలు పట్టించుకోవద్దు. 1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ అనే ఇంజనీరు ఏ కోణంలో కోస్తే రాయిలోకి వెళ్లిన వెలుతురు కిందకి కారిపోకుండా మళ్లీ పైకే తిరిగొస్తుందో లెక్కలు గట్టి పుస్తకం రాశాడు. వజ్రం మెరుపంతా ఆ లెక్కలోనే ఉంది, కోత చెడితే ఎంత తెల్లటి రాయైనా చచ్చుగా, నీళ్లు పోసినట్టు ఉంటుంది. పైగా అడుగున లోతుగా వదిలేసిన రాయి కాటాలో బరువు తూగుతుంది, చెవిలో చిన్నగా కనబడుతుంది. కోసేవాడు బరువు కోసం వదిలేశాడు, మీరు బరువు చూసి కొంటున్నారు. ఇంత చక్కగా మనసులు కలిసిన బేరం ఇంకెక్కడ దొరుకుతుంది?

దానికి బదులు గ్రేడు మీద పడండి. రంగుకి డి నుంచి జెడ్ దాకా అక్షరాలున్నాయి, మచ్చలకి వేరే అక్షరాలున్నాయి. మన షాపుల్లో అందరి నోటా నలిగే మంత్రం "ఈఎఫ్ వీవీఎస్". దాన్ని ఇంటర్వ్యూలో ప్రోగ్రామింగ్ భాషల పేర్లు చెప్పినంత వేగంగా చెప్పడం సాధన చేయండి. పసుపుపచ్చ బంగారంలో పొదిగితే జి, హెచ్ రంగు రాయి కూడా తెల్లగానే కనబడుతుందని, వీఎస్ రాయిలో ఉన్న మచ్చ పదిరెట్లు పెద్దగా చూపించే లూపు లేకుండా కనబడదని చెప్పేవాళ్లుంటారు. నిజమే, అయితే ఏం? ఒక లూపు కొని జేబులో పెట్టుకోండి. కేఫ్‌లో కాఫీ వచ్చేలోపు ఎదుటివాడి చేతికిచ్చి, చెవి అటు తిప్పండి. మచ్చ లేదని అతను ఒప్పుకునేదాకా బిల్లు కట్టొద్దు.

షాపు లోపల ఆ చిన్న చిన్న స్పాట్ లైట్లు ఎందుకున్నాయో ఆలోచించారా? వాటి కింద గాజు ముక్క కూడా గంతులేస్తుంది. తెలిసినవాళ్లు రాయిని కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి మామూలు పగటి వెలుతురులో చూస్తారు. మీ ఆఫీసు సీలింగులో ఉన్న పలకల్లాంటి తెల్ల లైట్ల కింద రాయి ఎలా ఉంటుందో దాదాపు అక్కడే తెలిసిపోతుంది. మీరలా చెయ్యకండి, ఆనందం పాడవుతుంది. ఆఫీసులో మెరవకపోతే ఫోన్ టార్చ్ ఉందిగా.

బిల్లులో బంగారం బరువు, రాళ్ల బరువు, మజూరి, తరుగు విడివిడిగా రాయమనడం కొంతమందికి అలవాటు. మనిషి మీద నమ్మకం లేకపోవడమంటే అదే. 18 క్యారెట్ల బంగారమైతే 750 అని, పక్కన ఆరక్షరాల హెచ్‌యూఐడీ ఉందా అని వెతికి, ఆ నంబరుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసేవాళ్లూ ఉన్నారు. రెండు గ్రాముల లోపు నగకి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు, మగవాళ్ల చిన్న దుద్దులు చాలావరకు ఆ లెక్కలోకే వస్తాయి. అందుకే బిల్లు అవసరం ఇంకా ఎక్కువ అని వాళ్ల వాదన. మీరు మాత్రం బిల్లుని పార్కింగ్ చీటీతో కలిపి శరత్ సిటీ మాల్ చెత్తబుట్టలో వేసి రండి.

ల్యాబ్ వజ్రమా, భూమిలోదా? ఇక్కడ కొంచెం ఆగాలి. ల్యాబ్‌లో పెరిగినది కూడా నిజమైన వజ్రమే. అదే కార్బన్, అదే గట్టిదనం, అదే మెరుపు. షాపులో వేడిని బట్టి పరీక్షించే చిన్న పెన్ను రెంటినీ వజ్రమనే చెబుతుంది, తేడా పట్టాలంటే పెద్ద యంత్రాలు కావాలి. 2023 జూన్‌లో మన ప్రధాని అప్పటి అమెరికా అధ్యక్షుడి భార్యకి ఇచ్చిన 7.5 క్యారెట్ల వజ్రం ల్యాబ్‌దే. చెవికి పెట్టుకుని తిరగడానికి, హెల్మెట్‌లో ఇరికించడానికి, పోతే ఏడవకుండా ఉండడానికి ఇంతకంటే మంచి రాయి లేదు. కానీ మీరు దాన్ని పెట్టుబడిగా కొనండి. 2018లో డీబీర్స్ కంపెనీ క్యారెట్ 800 డాలర్ల చొప్పున ల్యాబ్ వజ్రాల నగలు అమ్మడానికి లైట్‌బాక్స్ అనే బ్రాండు పెట్టింది. ధరలు పడిపోతూ పోతూ 2025లో ఆ దుకాణమే కట్టేస్తున్నామని ప్రకటించింది. పడ్డది లేవదా? క్రిప్టోలో మీరిలాగే ఎదురుచూడట్లేదా? ఇంట్లో అక్క కొంటే ఖర్చు, మనం కొంటే ఇన్వెస్ట్‌మెంట్ అన్న సూత్రం వదలొద్దు.

భూమిలోంచి వచ్చినదే కావాలనే పట్టుదల ఉంటే షాపుకెళ్లడం దేనికి? గోల్కొండ ఖిల్లా మీ ఫ్లాటుకి బండి మీద పోయేంత దూరం. అక్కడ వజ్రాలు దొరకవు, ఎప్పుడూ దొరకలేదు. అది బేరాలు జరిగిన చోటు, గనులు కృష్ణ ఒడ్డున ఉండేవి. పదిహేడో శతాబ్దంలో టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు కొల్లూరు గనికి వెళ్లి, అరవై వేల మంది ఆడా మగా పిల్లలూ పనిచేస్తున్నారని రాశాడు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్లలో ఉంది. కాబట్టి తొలకరి పడగానే లీవు పెట్టి కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి చేలల్లోకి వెళ్లండి. వానకి మట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలతాయని ఏటా జనం అక్కడ నడుం వంచి వెతుకుతూనే ఉంటారు, ఎవరికో ఒకరికి దొరుకుతూనే ఉంటుంది. సానపట్టని వజ్రం మసకగా, సబ్బు ముక్కలా ఉంటుంది, దగ్గరున్నా పోల్చుకోలేరు. అయినా మీది ఎలాగూ హైబ్రిడ్ ఉద్యోగమే.

ఇప్పుడు కుట్టించడం. శుక్రవారం సాయంత్రం మాల్‌లో గన్‌తో కొట్టించుకుని, సోమవారం పొద్దున స్టాండప్ మీటింగుకల్లా అరక్యారెట్ తగిలించుకుని కెమెరా ఆన్ చెయ్యండి. తమ్మెకి కుట్టిన రంధ్రం మానడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, పైన గట్టి భాగానికైతే నెలలు పడుతుందని, అంతవరకు టైటేనియం లాంటి తేలికపాటి దుద్దు ఉంచమని, తెల్ల బంగారంలో నికెల్ కలిసుంటే కొందరికి దురద పుడుతుందని, ఒంట్లో గాయాలు ఉబ్బి గడ్డకట్టే తత్వం ఉన్నవాళ్లు చర్మవైద్యుణ్ణి అడక్కుండా కుట్టించుకోవద్దని డాక్టర్లు అంటారు. వాళ్లకి స్ప్రింట్ డెడ్‌లైన్లు తెలియవు. రోజూ చేత్తో తిప్పి చూసుకోండి, బస్సు కమ్మీ పట్టుకున్న చేత్తోనే. చీము పడితే పడనివ్వండి. తమ్మె చిరిగినా దిగులు లేదు, తెగిన చెవిని అతకడానికి సుశ్రుతుడు పదిహేను పద్ధతులు చెప్పాడు.

రాయి మీద లక్ష పెట్టేవాడు శీల మీద నిమిషం పెట్టడు. అలాగే ఉండాలి. మన కంసాలులు చేసే దుద్దుకి కాడ లావుగా ఉంటుంది, దానికి మరలుంటాయి, వెనక బిళ్ల తిప్పి తిప్పి బిగించాలి. గన్‌తో కొట్టిన సన్నటి రంధ్రంలో అది దూరదు, ముందే కొలత చూసుకోవాలి. నొక్కితే పట్టుకునే శీల తేలిక, ఊడడమూ తేలికే. పెద్ద రాయికి వెనక బిళ్ల చిన్నదైతే బరువంతా ముందుకి వంగి, రాయి ఎదుటివాడి ముఖం చూడకుండా నేలచూపులు చూస్తుంది. వెడల్పు బిళ్ల వేయిస్తే నిటారుగా నిలబడుతుంది. ఇదంతా షాపులోనే అద్దం ముందు తల అటూ ఇటూ ఊపి, టీషర్టు తీసి వేసుకున్నట్టు నటించి, వీలైతే హెల్మెట్ పెట్టి తీసి చూస్తే తెలిసేదే. ఎత్తుగా కొక్కేలు నిలబడే సెట్టింగు హెల్మెట్ లోపలి గుడ్డని పట్టుకుని లాగుతుంది. రాయి చుట్టూ బంగారం అంచు కట్టినది జారిపోతుంది. అందుకని మీరు కొక్కేలదే తీసుకోండి, హెల్మెట్ ఊరికే తీసేయకుండా ఆలోచించి తీసే అలవాటవుతుంది.

రాత్రిళ్లు తీసి వాష్‌బేసిన్ అంచు మీద పెట్టండి. భారతంలో ఉదంకుడు గురుపత్ని కోసం పౌష్య మహారాజు భార్య కుండలాలు తెస్తూ, దారిలో వాటిని నేల మీద పెట్టి నీళ్ల దగ్గరికి వెళ్లాడు. తక్షకుడు కాజేసి పాతాళానికి పట్టుకుపోయాడు. మన ఫ్లాటుల్లో పాతాళానికి దారి బేసిన్ కింద ఉంటుంది, ప్లంబరు ఆదివారం రాడు.

శుభ్రం చెయ్యొద్దు. వజ్రానికి నీళ్లంటే పడదు, జిడ్డంటే ప్రాణం. దక్షిణాఫ్రికా గనుల్లో జిడ్డు పూసిన బల్లల మీద రాళ్లూ నీళ్లూ పారిస్తే మామూలు రాళ్లు కొట్టుకుపోయి వజ్రాలు అతుక్కునేవి. మీ చెవి పక్కన కొబ్బరినూనె, హెయిర్ జెల్, సన్‌స్క్రీన్, ఓఆర్ఆర్ దుమ్ము కలిసి తయారయ్యే పూత కూడా అలాంటిదే. రాయి వెనక వైపు పట్టిన జిడ్డుతో వీవీఎస్ కూడా మసకబారుతుంది. గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు, మెత్తటి పాత బ్రష్షు చాలంటారు. ఇంకో పెద్ద రాయి కొనడం అంతకంటే సులువు.

జాతకం సంగతి క్లుప్తంగా: వజ్రం శుక్రుడిది, అందరికీ పడదంటారు. హైక్ వస్తే పడినట్టు, రాకపోతే పడనట్టు.

చివరిది ఇల్లు. వీడియో కాల్‌లో అమ్మ మీ చెవి చూసి "ఇదేం వేషంరా నాన్నా, ఆడపిల్లలా!" అంటుంది. ఆవిడ వెనక గోడ మీద దండ వేసిన ఫొటోలో తాతయ్య రెండు చెవులకీ రవ్వల పోగులతో కూర్చుని ఉంటాడు. అది చూపించి వాదించకండి, గెలుస్తారు. గెలిస్తే ఆవిడ బీరువా తీసి, పసుపు గుడ్డలో మూటగట్టిన ఆ పోగులు బయటపెట్టి, "ఇవి పెట్టుకోరా, బ్లూ జాగర్ రాళ్లు, మీ తాత పెళ్లికి చేయించినవి" అంటుంది. ఆ పేరు దక్షిణాఫ్రికాలో యాగర్స్‌ఫాంటెయిన్ గనిది. అక్కడి నీలిఛాయ తెల్లరాళ్లని మన ముసలమ్మలు ఇప్పటికీ ఆ పేరుతోనే తలుచుకుంటారు. పైసా ఖర్చు లేదు, కాడ లావు, శీల గట్టి, తరాలుగా ఊడలేదు. ఇవన్నీ దాని లోపాలే. సర్టిఫికెట్ లేదు, ఈఎంఐ లేదు, క్యాష్‌బ్యాక్ లేదు, ఆఫీసులో చెప్పుకోవడానికి బ్రాండు పేరు లేదు.

కాబట్టి వాటిని ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేయండి. కాగితం లేని పాత రాయికి షాపుల్లో సాధారణంగా లెక్క కట్టరు, బంగారానికి మాత్రం తరుగు తీసి కడతారు. అంత దూరం వెళ్లే ఓపిక లేకపోతే కొండాపూర్‌లో నేనున్నాను, షాపువాళ్లు కట్టిన బంగారం ధర మీద గ్రాముకి వంద రూపాయలు ఎక్కువే ఇస్తాను. రాళ్లు మాత్రం ఊడదీయకుండా తీసుకురండి.